పన్నెండు నిమిషాల కమాండర్

మొన్న గురువారం ఆఫీసులో నా పరువు ఎలా పోయిందో చెప్తాను, టీ తాగుతూ వినండి. నవ్వితే నవ్వండి, నేనేం అనుకోను.

మేం గురుగ్రామ్‌లో ఒక చిన్న కంపెనీ. ఆర్మీ ఆఫీసర్లకి తొందరలో సరైన నిర్ణయం తీసుకోవడం నేర్పే వీడియో గేమ్ చేస్తున్నాం. రెండేళ్ల పని. ఆ రోజు డెమో. వాళ్లు వద్దంటే మా టీమ్ ఉండదు. పొద్దున్నే నోయిడా నుంచి మెట్రోలో వస్తూ దారంతా ఆటలోని జవాబులు బట్టీ పట్టాను.

ఒక కల్నల్ గారు, ఇద్దరు కెప్టెన్లు వచ్చారు. మా బాస్ కపూర్ సార్ ఆడి చూపించబోతుంటే కల్నల్ గారు ఆపి, "దీన్ని రాసింది ఎవరు?" అన్నారు.

బాస్ నా వైపు చూపించారు. "అచ్ఛా, అయితే తనే ఆడాలి. ట్రైనర్ సీట్లో నేను కూర్చుంటా" అన్నారు కల్నల్ గారు.

అంటే నేను బట్టీ పట్టిన జవాబులు పనికిరావు. ట్రైనర్ మధ్యలో ఏ కబురైనా పంపొచ్చు.

ఆట మొదలైంది. కొండమీద గాయపడ్డ సైనికులున్నారు. పన్నెండు నిమిషాల్లో నా ట్రక్కులు వాళ్లని చేరాలి. వంతెన దారి దగ్గర, కొండదారి దూరం. 'వంతెన క్షేమం' అని మొదటి కబురు. సరే అనుకునేలోపు రెండోది, 'వంతెన కింద మందుపాతర ఉండొచ్చు.'

'మరింత సమాచారం' అనే బటన్ నొక్కాను. నొక్కిన ప్రతిసారీ రెండు నిమిషాలు పోతాయి. తేల్చుకోలేనివాళ్లు దాన్నే నొక్కుతూ కూర్చుంటారని పెట్టింది నేనే. నేను నాలుగుసార్లు నొక్కాను.

ఈలోపు రేడియోలో కొండమీది జవాను. "ఆర్డర్స్, సర్?" మళ్లీ "ఆర్డర్స్, సర్?" టెన్షన్ పెరగాలని పదేసి సెకన్లకి అడిగేలా రాసిందీ నేనే.

"ఓరి నాయనో, వీడు నా ప్రాణం తీసేస్తున్నాడు" అని గొణుక్కుని రేడియో మ్యూట్ చేసేశాను. తెలుగు ఎవరికి అర్థమవుతుందిలే అని ధైర్యం.

చివరికి మూడు నిమిషాలు మిగిలాయి. ఎందుకైనా మంచిదని సగం ట్రక్కులు వంతెన మీదకి, సగం కొండదారికి పంపాను. డాక్టర్ కొండదారిలో వెళ్లాడు. మందులు వంతెన దారిలో వెళ్లాయి.

మిషన్ ఫెయిలని స్క్రీన్ ఎర్రబడింది. మా బాస్ కిటికీలోంచి ట్రాఫిక్ చూస్తున్నారు. ఒక కెప్టెన్ పెదవి కొరుక్కుంటున్నాడు.

కల్నల్ గారు కుర్చీ నా వైపు తిప్పి, నెమ్మదిగా, చక్కటి తెలుగులో అన్నారు. "అతను నీ ప్రాణం తియ్యట్లేదు తల్లీ. తన ప్రాణం మీదకి వచ్చింది కాబట్టి అడుగుతున్నాడు."

ఆయనది శ్రీకాకుళమట. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నిజంగా అక్కడ మనిషి ఉంటే అని ఒక్క క్షణం అనిపించింది.

"సారీ సార్. నా వల్ల గేమ్‌ని వద్దనకండి" అన్నాను.

"ఎందుకు వద్దంటాను? ఎంత బాగా చెమటలు పట్టించిందో చూశాను కదా" అని లేచారు. వెళ్తూ ఒకే ఒక్క షరతు పెట్టారు. నా ఆట రికార్డింగ్ ఆయనకి కావాలి. ప్రతి బ్యాచ్‌కీ మొదటి క్లాసులో, ఎలా చెయ్యకూడదో చూపించడానికి.

కాళ్లావేళ్లా పడితే నా పేరు తీసేశారు. గొంతు మాత్రం ఉంచారు. నా గొణుగుడుకి ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ రాసే పని నాకే ఇచ్చారు. మొదటి లైనుకి రెండు రకాలుగా రాశాను. రెండూ బాగానే ఉన్నాయి. సోమవారం నుంచి ఏది పెట్టాలో తేల్చుకోలేక చస్తున్నాను.