జాడీలో పడని బల్లి

పన్నీరు ద్రాక్ష పులిసిన వాసనకి ఒక గుణం ఉంది, అది వంటింట్లో ఆగదు. పొద్దున జాడీ మూతికి కట్టిన గుడ్డ విప్పానో లేదో, లవంగం, దాల్చినచెక్క, కాస్త తడిసిన గోనెసంచి కలిపినట్టుండే ఆ వాసన హాలు దాటి, బాల్కనీ దాటి, మైలాపూరులో రైలెక్కి బీచి స్టేషను దాకా వెళ్ళి తిరిగొచ్చిందని నేనంటే మీరు నమ్మనక్కర్లేదు. నా మాటని సగానికి తగ్గించి వినడం నన్నెరిగిన వాళ్ళందరికీ అలవాటే. ఇవాళ మాత్రం తగ్గించకుండా వినండి. ఆరింటికి రమ్మని మా అపార్టుమెంటు వాళ్ళని పంచ్ తాగడానికి పిలిచాను, ఆరూ పావయింది, ఎవరూ రాలేదు, ఊరికే కూర్చోలేక ఒక నిజం చెప్పబోతున్నాను.

జాడీ మా సరళత్తది. నాన్నకి చెల్లెలు. పురసవాక్కంలో బట్టల కొట్ల సందడికి రెండు వీధుల వెనక మా పాత ఇల్లుండేది, అందులో మిద్దెమీది గది ఆమెది. ఊరి చివర మనలిలో ఒక రసాయనాల కంపెనీలో టైపిస్టు. సాయంత్రం కంపెనీ బస్సు దిగి వచ్చేసరికి ఆమె కొంగుకి కాలిన అగ్గిపుల్లల వాసన ఉండేది. డిసెంబరులో మాత్రం ఆ వాసన రాత్రి భోజనాల వేళకల్లా ద్రాక్ష వాసనగా మారేది. వానలు వెనక్కి తగ్గి, వీధి గుంటల్లో నీళ్ళింకా ఆరకముందే, అత్త తట్టెడు గింజల ద్రాక్ష తెప్పించి, కడిగి, పాత చీర మీద ఆరబెట్టి, చేత్తో చిదిమి, చక్కెర, లవంగాలు, చెక్క, గుప్పెడు గోధుమలు, బేకరీలో అడిగి తెచ్చుకున్న చిటికెడు ఈస్టు వేసి, జాడీకి ఎత్తి, మూత పెట్టి, దాని మీద గుడ్డ బిగించి కట్టి బియ్యం డ్రమ్ము పక్కన చీకట్లో పెట్టేది. ఇరవై ఒక్క రోజులు, రోజుకోసారి చెక్క గరిటెతో తిప్పడం, మళ్ళీ మూత, మళ్ళీ గుడ్డ, మళ్ళీ ముడి. ఈ విద్య ఆమెకి కంపెనీలో పక్క సీటు డోరతీ నేర్పింది. డోరతీకి తెలియని సంగతి ఒకటుంది, ఆ జాడీ ఆవకాయది. ఎన్ని వేణ్ణీళ్ళు పోసి తోమినా, ఎన్ని ఎండలు చూపించినా దాని ఒంట్లోంచి ఆవఘాటు పోలేదు. పంచ్ తాగిన వాళ్ళంతా "గొంతులో సుర్రుమంటాదే, ఏం ఏస్తావు సరళా?" అని అడిగేవాళ్ళు. అత్త నవ్వి ఊరుకునేది.

మా అవ్వ, అంటే నాన్న తల్లి, ఈ ఇంట్లో సారా అనే మాట వినిపించకూడదని ఒట్టు పెట్టిన మనిషి. అందుకని దానికి ద్రాక్షమందు అని పేరు పెట్టి, మోకాళ్ళ నొప్పులకని పూజగూట్లోని ఉద్ధరిణెతో పుచ్చుకునేది. మనం ఏదైనా మాట్లాడుతుండగా గోడమీద బల్లి పలికితే, ఆవిడ మధ్యవేలితో నేలమీద మూడుసార్లు తట్టి "సత్యం పలికిండాది" అనేది. నేను నోరు తెరిస్తే మాత్రం మా ఇంటి బల్లులన్నీ మూతులు కుట్టుకునేవి. చింతాద్రిపేట ఏనుగు మా వాకిట్లో కాఫీ తాగి వెళ్ళిందని చెప్పి, గోడకేసి ఎంతసేపు చూసినా ఒక్కటంటే ఒక్కటి కూడా సాక్ష్యం పలికేది కాదు.

ఏడాది చివరి ఆదివారం సాయంత్రం పంచ్. నీళ్ళు కాచుకునే ఇత్తడి గంగాళాన్ని చింతపండుతో తళతళ్ళాడేట్టు తోమి మిద్దెమీదికి ఎక్కించేవాళ్ళు. వడగట్టిన ద్రాక్షరసంలో ఆపిలు ముక్కలు, కమలా తొనలు, అనాసపండు, దానిమ్మ గింజలు, అల్లం రసం, నిమ్మరసం, రంపప్పొట్టులో చుట్టి తెచ్చిన ఐసు పగలగొట్టి వేసి, ఆఖర్న గోలీసోడాలు ఠప్పున కొట్టి వంచితే గంగాళం అంచుల దాకా ఊదారంగు నురుగు లేచేది. పేర్లు చెక్కిన ఎవర్‌సిల్వర్ స్టీలు గ్లాసుల్లో ముంచి ఇచ్చేది అత్త. పిల్లలకి వేరే చెంబులో, పులియని ద్రాక్షరసం. వీధిలోని ఆడవాళ్ళంతా వచ్చేవాళ్ళు. అదే అత్తకి ముఖ్యం. నలభై దగ్గర పడుతున్నా పెళ్ళికాని మనిషిని పేరంటాలకి పిలవాలో వద్దో మా వీధికి ఎప్పుడూ తేలలేదు, తేలనిదాన్ని పిలవకపోవడమే సుళువు. ఆ ఒక్క సాయంత్రం మాత్రం వాళ్ళే మెట్లెక్కి ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు, పిట్టగోడనానుకుని చీరల గురించి, మొగుళ్ళ గురించి గొంతు తగ్గించి ఆమెతోనూ చెప్పేవాళ్ళు. ఏడాదికి సరిపడా కబుర్లు అత్త ఆ మూడు గంటల్లో మూట కట్టుకునేది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు, ఒక్కతే కూతుర్ని. వీధిలో అమ్మాయిలు సుద్దతో గళ్ళు గీసి పాండి, అదే తొక్కుడుబిళ్ళ, ఆడుతుంటే నేను ఆటలో అరటిపండుని. నా వంతు వచ్చేసరికి ఎవరికో ఒకరికి ఇంట్లోంచి పిలుపొచ్చేది. ఆ డిసెంబరులో ఒకరోజు, బిళ్ళ ఎప్పుడూ తన చేతిలోనే ఉంచుకునే భువన అడిగింది.

"ఏమే, మీ అత్త ఆ జాడీలో ఏం పెట్టిండాది?"

ద్రాక్ష అంటే అక్కడితో అయిపోతుంది.

"బల్లి పడింది," అన్నాను.

ఆట ఆగిపోయింది. అందరూ నా చుట్టూ మూగారు. మొదటి బిళ్ళ నా చేతికిచ్చారు. మర్నాడు బల్లికి రెండో తోక మొలిచింది, నా వంతూ రెండుసార్లు వచ్చింది. ఆ మర్నాడు అది ద్రాక్షరసం తాగి మత్తెక్కి, జాడీలోంచి పాట పాడి, మళ్ళీ అందులోనే పడి చచ్చిపోయింది. ఆరు రోజులు, బాబూ, ఆరు రోజులు నేను ఒంటికాలి మీద ఆ వీధిని ఏలాను. పాట, తోక పిల్లల దగ్గరే ఆగిపోయాయి. తల్లుల చెవిన పడింది రెండే మాటలు, బల్లి పడింది.

ఆదివారం సాయంత్రం అత్త కనకాంబరాలు పెట్టుకుంది. ముప్ఫై గ్లాసులు బోర్లించింది. ఐదున్నరకి ఒకరికి తలనొప్పని కబురొచ్చింది. ఆరింటికి ఇంకొకరికి మైలాపూరు నుంచి చుట్టాలొచ్చారు. ఆరున్నరకి కబుర్లు కూడా ఆగిపోయాయి. ఐసు కరిగి కమలా తొనలు ఒకవైపుకి చేరాయి. ఆఖరికి భువన వచ్చి, మెట్ల మీదే నిలబడింది.

"అమ్మ రాలేనంది అక్కా. బల్లి పడిందంట గదా, ఈ పాపే చెప్పె."

చెప్పి దిగి పరుగెత్తింది. అత్త నా వైపు తిరిగింది.

"ఎంతుండె?"

నాకు అర్థం కాలేదు.

"బల్లి. ఎంత పొడుగుండె?"

ఏడవాల్సిన సమయమది. నా చేతులు నా మాట వినకుండా లేచి జానెడు చూపించాయి.

"అంతేనా! వీధికి వీధే బెదిరిందంటే మొసలేమో అనుకుంటిని."

అని, సరళ అని చెక్కిన గ్లాసు నిండా ముంచుకుని, పిట్టగోడ దగ్గరికి వెళ్ళి, బట్టల కొట్టు దీపాలు చూస్తూ మెల్లగా తాగింది. "ఈ తూరి చానా బాగా కుదిరిండాదే," అంది, నాతో కాదు. కాసేపటికి మోకాళ్ళు పట్టుకుని అవ్వ మెట్లెక్కి వచ్చింది. ఉద్ధరిణె తేలేదు. ఒక గ్లాసందుకుని, "పోయి సరళా, మందే గదా," అంది. మిగిలిన ఇరవై ఎనిమిది గ్లాసులూ అలాగే బోర్లించి ఉన్నాయి.

మరుసటి ఏడు జాడీ ఆవకాయకి తిరిగొచ్చింది. అత్త నన్ను తిట్టలేదు, నాన్నకి చెప్పలేదు, పంచ్ ఊసు మళ్ళీ ఎత్తలేదు. పెద్దయ్యాక తప్పయిందని చెప్పబోయిన ప్రతిసారీ నా నోట్లో బల్లి ఇంకాస్త పెద్దదై, మీసాలు కూడా పెట్టుకుని వచ్చేది. ఆమె నవ్వేది. నవ్వింది గదా అని నేనూ అసలు మాట మింగేసేదాన్ని. ఆ మాట మిగిలిపోయింది. ఆమె పోయి నాలుగేళ్ళు. నాకిప్పుడు ఆమె అప్పటి వయసు కన్నా పదేళ్ళెక్కువ, ఈ ఫ్లాటులో నేను, జాడీ.

పురసవాక్కం ఇంటి స్థలంలో ఇప్పుడు నగల కొట్టు వాళ్ళ కార్లు నిలబడతాయి. గోలీసోడా వాడు లేడు, రంపప్పొట్టు ఐసు లేదు, పాండి గళ్ళు గియ్యడానికి ఖాళీ నేల లేదు. గుంటూరు నుంచి, వరంగల్ నుంచి కంప్యూటర్ ఉద్యోగాలకి వచ్చిన మా అపార్టుమెంటు పిల్లలు నా పిలుపుకి ఫోనులో పదకొండు బొటనవేలు బొమ్మలు పెట్టారు. "తప్పకుండా వస్తం ఆంటీ" అని లిఫ్టులో ఒకమ్మాయి అంది కూడా. ఆరూ ముప్పావు. లిఫ్టు మూడుసార్లు కదిలింది, మూడుసార్లూ వేరే అంతస్తులో ఆగింది. గిన్నెలో ఐసు కరిగి కమలా తొనలు ఒకవైపుకి చేరుతున్నాయి.

"బల్లి పడలేదు అత్తా," అన్నాను, గట్టిగానే, ఖాళీ హాల్లో. "ఎప్పుడూ పడలేదు. మూత మీద గుడ్డ నీతోపాటు నేనూ కట్టాను."

ట్యూబులైటు వెనకనుంచి బల్లి పలికింది. ఒక్కసారి కాదు, వరసగా మూడు.

మధ్యవేలితో నేలమీద తట్టాను. తట్టి, లేచి వెళ్ళి, గిన్నెమీద పళ్ళెం బోర్లించాను.