నీలం డ్రమ్ము

చల్లగది తలుపు తీయగానే చలికంటే ముందు వాసన తగులుతుంది. పెరుగు, కొత్తిమీర, మగ్గిన చిన్న రసాలు కలిసిన వాసన. బయట మే నెల ఎండ మాడ్చేస్తుంటే ఆ గుమ్మంలో నిలబడి కాసేపు ఊరికే ఊపిరి పీలుస్తాను. మూఢనమ్మకాల మీద మైకు పట్టుకుని "రుజువేది?" అని ఊరూరా అరిచినవాణ్ణి నేను. రుజువంటే ఏమిటో నాకు నేర్పింది మాత్రం ఈ గది తెప్పించిన కోటమ్మగారు.

ఆవిడ బళ్లో మధ్యాహ్న భోజనం వండి, వయసు మీదపడ్డాక ఆ పని మానేశారు. మానేసి ఊరుకోలేదు. నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్లే రోడ్డులో, మామిడి వ్యాపారి సుబ్బారావుగారు వాడకుండా వదిలేసిన షెడ్డు అడిగి తీసుకుని, నలుగురు ఆడవాళ్లను కూడగట్టి భోజన సంఘం పెట్టారు. ఏళ్ల తరబడి తోటల్లో కాయ కోసి, ఇక చెట్టెక్కలేని ముసలివాళ్లకు రోజూ మధ్యాహ్నం అన్నం పెట్టడం ఆ సంఘం పని. బజారులో మిగిలిన కూరగాయలు, పాలకేంద్రం ఇచ్చే పెరుగు, తోటలవాళ్లు పంపే దెబ్బతగిలిన కాయలు. ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. చిక్కల్లా ఒకటే. అన్నీ ఒక్కరోజే వచ్చిపడేవి, మర్నాటికి చెడిపోయేవి. చెడినవన్నీ పెరట్లోని నీలం డ్రమ్ములో పడేవి. దాన్ని పారబోసేముందు సంఘంలో ప్రతివాళ్లూ మూత తీసి వాసన చూడాలని ఆవిడ పట్టు. బళ్లో పాఠాలు చెబుతూ సంఘం కాగితాలు రాసిపెట్టే నాకూ మినహాయింపు లేదు. "ముక్కు మూసుకుంటే తప్పు పోదయ్యా, చూడు" అనేవారు.

ఒక వేసవిలో పొద్దున తెచ్చిన పెరుగు పులిసి నురగలు కక్కింది. కూరా చెడింది. ఆరోజు అందరికీ అన్నం, ఆవకాయ మాత్రమే వడ్డించాం. పళ్లులేని వెంకన్న తాత అన్నం ముద్దను నీళ్లతో మింగుతూ, "పర్లేదు పిన్నీ, పచ్చడుందిగా" అన్నాడు. ఆ మాట ఆవిడకు తగలరానిచోట తగిలింది. విస్తళ్లు ఎత్తేలోగానే నా దగ్గరకు వచ్చారు.

"చల్లగదికి గ్రాంటు ఇచ్చే సంస్థలున్నాయంటగా. రాయి."

రాశాను. అప్పట్లో నా కలానికి మహా వేడి. ఆకలి గురించి, సమాజం గురించి మూడు పేజీలు దంచి, చివర్లో "మా సంఘంలో మెతుకు కూడా వృథా పోదు" అని ముగించాను. ఆవిడ పైకి చదివించుకున్నారు.

"ఇది దరఖాస్తా, ఉపన్యాసమా?"

"దరఖాస్తేనండి."

"మెతుకు కూడా వృథా పోదా? మరి ఆ డ్రమ్ములో రోజూ కంపు కొట్టేది ఏంటి?"

"అది రాస్తే ఎవరిస్తారు పిన్నిగారూ?"

"ఏదీ పాడవకపోతే మనకి చల్లగది ఎందుకయ్యా?"

కళాశాల చర్చావేదికల మీద ఎందరో పండితుల్ని నోరెత్తనివ్వని నేను ఆ చివరి వాక్యం కొట్టేశాను. ఆవిడ వదల్లేదు. "మైకులో రుజువేది, రుజువేది అంటావు. నీ దగ్గరికొచ్చేసరికి రుజువు దాచేస్తావా?" ఆరోజు చెడిన పెరుగు సంగతి, వెంకన్న తాత మాట, డ్రమ్ము వారానికి ఎన్నిసార్లు నిండుతుందో, అన్నీ రాయించారు.

దరఖాస్తు తిరిగొచ్చింది. మీ దగ్గర వృథా ఎక్కువగా ఉంది, ఇవ్వలేం అన్నారు. "చూశారా!" అని నేను ఎగిరాను. నిజం చెప్పాలంటే, నా మాటే నెగ్గిందన్న తృప్తి కూడా కొంచెం లేకపోలేదు. ఆవిడ బెండకాయలు తరుగుతూ తలెత్తకుండా అన్నారు. "అదే కాగితం ఇంకోచోటికి పంపు. ఒక్క అక్షరం మార్చావో, నెలరోజులు అంట్లు నీవే."

రెండో సంస్థనుంచి ఒక అమ్మాయి చూడటానికి వస్తానంది. ఆ అమ్మాయి వచ్చేరోజు పొద్దున సుబ్బారావుగారు హడావిడిగా ఆటో తెచ్చారు. "కోటమ్మా, ఈ ఒక్కపూటకీ డ్రమ్ము తోటలో పెట్టిస్తాను. పరువు పోతుంది."

"షావుకారుగారూ, బుట్టలో కుళ్లినకాయ అడుగున పెట్టడం మీ వ్యాపారం. నేను పైన పెడతాను."

ఆయన ఉడుక్కోబోయి నవ్వేశారు. వచ్చిన అమ్మాయిని కోటమ్మగారు వంటగదికి కాదు, తిన్నగా పెరట్లోకి తీసుకెళ్లి మూత తీశారు. ఆ పిల్ల చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కాసేపయ్యాక చున్నీ తీసి, మళ్లీ వంగి చూసింది. "అన్నిచోట్లా నాకు తళతళలాడే గిన్నెలే చూపిస్తారండీ. గది ఎంత పెద్దది కావాలో ఇక్కడే తెలిసింది" అంది. గ్రాంటు వచ్చింది.

గది వాడకం మొదలుపెట్టిన రోజు ఎవరో కొబ్బరికాయ కొట్టబోతే నేను అడ్డుపడ్డాను. "కొట్టనీవయ్యా, చట్నీకి పనికొస్తుంది" అన్నారావిడ. దేవుడి విషయంలో ఆవిడ చివరిదాకా నాతో ఏకీభవించలేదు. నేనూ లొంగలేదు. చట్నీ మాత్రం తిన్నాను. ఆ మధ్యాహ్నం వెంకన్న తాత అన్నంలోకి చల్లటి గడ్డపెరుగు పడింది. "పళ్లు జివ్వుమంటున్నాయి పిన్నీ" అన్నాడు. "నీకు పళ్లెక్కడున్నాయి తాతా!" అని కోటమ్మగారు నవ్వలేక చచ్చారు.

ఆవిడ పోయి రెండు వేసవులైంది. చల్లగది యంత్రం పాతబడి మొరాయిస్తోంది. కొత్తదానికి దరఖాస్తు నన్నే రాయమన్నారు. "ఇప్పుడు వృథా పెద్దగా లేదుగా మాస్టారూ, దరఖాస్తులో ఆ గడి ఖాళీగా వదిలేద్దాం" అంది ఇప్పుడు సంఘాన్ని నడిపే పద్మ.

గది తలుపు మూసి పెరట్లోకి వెళ్లాను. నీలం రంగు ఎండకు వెలిసింది. మూత తీశాను. అడుగున నాలుగు కుళ్లిన రసాలు, నిన్నటి పప్పు ఒక గిన్నెడు. పద్మను పిలిచి వాసన చూడమన్నాను. మొహం చిట్లించుకుంటూనే వంగింది. తర్వాత నేనూ వంగి, లెక్కపెట్టి, ఆ నాలుగు కాయలూ, ఆ పప్పూ దరఖాస్తులో ఆ గడిలో రాశాను.