పచ్చడి సీసాకు చుట్టిన స్కోరు

సరిహద్దు కొండ మీద మా పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. పదిహేను వేల అడుగుల ఎత్తు. వీపు మీద ఇరవై రెండు కిలోల బరువు. మాచర్లలో రోడ్డు మీద తారు కరిగే కాలం. ఇక్కడ నా మీసం మీద మంచు పేరుకుంది. రాళ్లు పేర్చి పైన రేకులు కప్పిన బంకరు. అందులో ఐదుగురం: గన్నరు, వంటవాడు, ఇద్దరు రైఫిల్‌మెన్, రేడియో చూసే నేను.

అప్పటికి మా వైపు కాల్పులు తగ్గాయి. సెలవులు మళ్లీ ఇస్తున్నారు. మా పెద్దమ్మాయి ఓణీల ఫంక్షన్‌కు ఇరవై రోజులు అడిగాను. ఆ కాగితం కొండ కింద బేస్ క్యాంపులో కెప్టెన్ బల్ల మీద ఉంది. సంతకం పడేదాకా నా పేరు మీద చిన్న మచ్చ పడినా సెలవు పోయినట్టే.

రెండో వారంలో నా భార్య పంపిన పార్సిల్ వచ్చింది. గోంగూర, పండుమిరప పచ్చళ్లు. సీసా పగలకుండా ఒక్కోదానికి నాలుగేసి పేపర్లు చుట్టింది. అన్నీ ఇరవై రోజుల నాటివి.

ఇప్పుడు మా ఊళ్లో ఏటా ఆగస్టు పదిహేనుకి నన్ను బడికి పిలిచి దండ వేసి అడుగుతుంటారు: "యుద్ధవార్తలు చదువుతుంటే రక్తం ఉడికేదా?" అని. నాకు ఒళ్లు మండుతుంది. యుద్ధం మా గుమ్మం బయటే ఉంటే పేపర్లో చదవడం దేనికి? మొదటి పేజీలో జవాన్లు సింహాల్లా గర్జిస్తున్నారని రాశారు. ఆ ఎత్తులో గర్జించాలంటే ముందు ఊపిరి అందాలి. రాసినవాణ్ణి ఒక్క పూట అక్కడ నిలబెట్టి గర్జించమంటే తెలిసేది. ఆ పేజీతో వంటవాడు పొయ్యి రాజేశాడు.

మేం చదివింది సినిమా పేజీ, ఆటల పేజీ, కార్టూన్ బొమ్మలు. నేను చదివిన చదువు ఎనిమిదో తరగతి. మిగతాది పొట్లాల కాగితాలు చదివి నేర్చుకున్నదే. కాబట్టి హిందీలోకి తర్జుమా చేసే పని నాది. ఒక హీరోయిన్‌కు పెళ్లి కుదిరిందని చెప్పాను. గన్నరు పంజాబీ. ఆమె పేరు అంతకుముందు ఎన్నడూ వినలేదు. అయినా ఆ పూట రొట్టె ముట్టలేదు. కార్టూన్‌లో నాలుగో గడి గోంగూర నూనెలో నానిపోయింది. అందులో ఏముందో తేల్చడానికి ఐదుగురం రెండు రోజులు పోట్లాడుకున్నాం.

కింద పోస్టులో రేడియో ఆపరేటర్ పిడుగురాళ్ల కుర్రాడు. శత్రువుకు అర్థం కాకూడదని మమ్మల్ని తెలుగులోనే మాట్లాడుకోమని ఆర్డరు. ఉదయం ఏడూ నలభైకి పిలిచాడు.

"బావా, పార్సిల్ వచ్చిందంటగా. స్కోరు చెప్పు."

"ఆగరా. ముందు సినిమా పేజీ అయిపోనీ."

"సినిమా ఏందయ్యా. మ్యాచ్ ఏమైందో తెలీక ఇరవై రోజులుగా చస్తన్నా."

"మనోళ్లు ఐదుగురు పోయారు."

"ఐదుగురూ? ఎంతసేపట్లో?"

"గంటలోపే. ఒక్కడూ నిలబడలా."

అక్కడికి బ్యాటరీ చచ్చింది. చలికి అది మామూలే.

మా మాట శత్రువుకు అర్థం కాలేదు. బేస్‌లో రేడియో పక్కన కూర్చున్న హవల్దార్ క్లర్కుకు అర్థమైంది. నాలుగేళ్లు సికింద్రాబాద్‌లో ఉండి వచ్చాడు, తనకు తెలుగు వచ్చని గర్వం. అన్నేళ్లలో వాడు నేర్చుకున్నది 'పోయారు' అంటే చనిపోయారని. మా పోస్టులో ఉన్నది ఐదుగురమే. ఎంత పిలిచినా మా రేడియో పలకదు. ఇక చెప్పేదేముంది, కెప్టెన్ దగ్గరికి పరుగెత్తాడు.

పన్నెండూ ఇరవైకి కెప్టెన్ స్వయంగా వచ్చాడు. వెనక ఎనిమిదిమంది, స్ట్రెచర్లతో. మేం అన్నంలో పచ్చడి కలుపుకుంటున్నాం. సంగతి వినగానే నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. సెలవు పోయిందనుకున్నాను.

"పోయింది ఎవరు?" అన్నాడు కెప్టెన్.

"మన బ్యాట్స్‌మెన్ సార్."

"ఎప్పుడు?"

"ఇరవై రోజుల కిందట సార్."

కెప్టెన్ మంచులో కూర్చుండిపోయాడు. చేయి చాపితే పేపరు ఇచ్చాను. అటూ ఇటూ తిప్పాడు.

"చివరికి గెలిచామా?"

"తెలీదు సార్. ఆ ముక్క రెండో సీసాకు చుట్టినట్టుంది."

రెండో సీసా విప్పించాడు. ఓడిపోయాం. ఆయన రెండు ముద్దలు తిని, నీళ్లు తాగి, తనతో వచ్చిన సుబేదార్‌తో అన్నాడు: "ఇతని సెలవు కాగితం ఈ రోజే పంపించండి. ఇంకో పార్సిల్ వచ్చిందంటే పటాలం మొత్తాన్ని చంపుతాడు."

తొమ్మిదో రోజున నరసరావుపేటలో రైలు దిగి మాచర్ల బస్సెక్కాను. నా భార్య గుమ్మంలోనే అడిగింది.

"ఏమయ్యా, యుద్ధం గురించి రాసినవి ఏరి ఏరి చుట్టా. చదివావా?"

"సినిమా పేజీ చదివా."

"సీసాలకు చుట్టడం నాదే తప్పు," అని లోపలికి పోయింది.

ఫంక్షన్‌కు వచ్చిన చుట్టాలు తుపాకుల గురించి, బాంబుల గురించి అడిగారు. ఇప్పటికీ అడుగుతారు. ఏదో ఒకటి చెబుతాను. నా కళ్ల ముందు నిలిచేది మాత్రం స్ట్రెచర్ పార్టీ ముందు నడిచిన గఢ్వాలీ హవల్దార్. కెప్టెన్ కంటే ముందు బంకరులోకి వంగి చూసింది అతనే. చేతి తొడుగు తీశాడు. ఒక్కొక్కరి తల మీద చేయి వేసి, వేడిగా ఉందో లేదో చూసి, ఐదు దాకా లెక్కపెట్టాడు. నమ్మకం కలగక మళ్లీ నా తల దగ్గర నుంచి మొదలుపెట్టాడు.