అగ్గిపుల్ల మునిగిన శనివారం

ఉదయం ఆరున్నరకు అలారం మోగగానే, కళ్ళు పూర్తిగా తెరవకముందే, ఆ కుర్రవాడు మంచం పక్కన మోకరించేవాడు. ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గర చతికిలబడి రెండు జతల బూట్లకు పాలిష్ పెట్టేవాడు. ఒక జత తనది, ఇంకొకటి గదిలో తనతో ఉండే జంట మిషనరీది. జంటవాడిది అయ్యాకే తన జత ముట్టుకునేవాడు. "నా బూట్లు వాటంతటవే ఎలా మెరుస్తాయిరా?" అని జంట కుర్రవాడు రోజూ ఆశ్చర్యపడేవాడు. ఎవరు చేస్తున్నారో తెలిసీ అడిగే ఆ ప్రశ్నలో కూడా ఒక మర్యాద ఉండేది.

జనం మార్మన్లని పిలిచే మా సంఘంలో ఇదొక పద్ధతి. ఇరవై ఏళ్ళు నిండీ నిండని పిల్లలు రెండేళ్ళపాటు ఇల్లు విడిచి, ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళి, ఇద్దరిద్దరుగా ఇల్లిల్లూ తిరిగి దేవుని మాట చెబుతారు. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్లటి పేరుబిళ్ళ. వాళ్ళని ఎల్డర్లు అంటాం, అంటే పెద్దలని.

"మూతి మీద మీసమైనా రాలేదు, వీళ్ళు పెద్దలట!" అని వీధి మలుపులో బేకరీ నడిపే బాబాయి మొదటి రోజే నవ్వేశాడు. బూట్లు మెరిపించే మావాడు సన్నగా, కళ్ళద్దాల బరువుకే వంగిపోయేటట్టు ఉంటాడు కనుక అగ్గిపుల్ల అన్నాడు. జంటవాడు ఆరడుగుల పైన ఉంటాడు కనుక నిచ్చెన అన్నాడు. ఆ పేర్లే స్థిరపడ్డాయి.

బాబాయి భార్య, మేమంతా పిన్ని అనే ఆవిడ, పదకొండేళ్ళుగా సంఘంలో సభ్యురాలు. ఆదివారం ఆరాధనకు ఒక్కతే వచ్చి, పక్క కుర్చీలో తన చేతిసంచి పెట్టుకునేది. ఆ కుర్చీ ఎవరి కోసమో అందరికీ తెలుసు. బాబాయిని రమ్మని ఆమె ఒక్కసారి కూడా పోరు పెట్టలేదు. అగ్గిపుల్ల మాత్రం నాలుగు నెలలు రోజూ బేకరీకి వెళ్ళి, పిండి బస్తాలు మోసి, ట్రేలు కడిగి, మధ్య మధ్య రెండు మాటలు చెప్పేవాడు.

సోమవారం మిషనరీలు బట్టలు ఉతుక్కుని ఇంటికి ఉత్తరాలు రాసుకునే రోజు. ఆ రోజు అగ్గిపుల్ల తడి మేజోళ్ళు పిండుతుంటే బాబాయి మూడంతస్తుల మెట్లెక్కి వచ్చాడు. పాత ప్రమాదంలో ఆయన ఎడమ మోకాలు బిగుసుకుపోయింది, వంగదు. ఒక్కో మెట్టుకీ ఆ కాలిని ఈడ్చుకుంటూ వచ్చాడు.

"మీ సంఘం అధ్యక్షుడు లిఫ్టులు బాగుచేసే ఆయనే కదా! మీ మేడ లిఫ్టు సంగతి మాత్రం దేవుడికే వదిలేశాడేంటి?" అని రొప్పుతూ కుర్చీలో కూలబడ్డాడు. "శనివారం బాప్తిస్మం తీసుకుంటాను. మీ నియమం ప్రకారం టీ మానేశాను, కాఫీ మానేశాను. ఇక మిగిలింది నీళ్ళేగా. వాటిని తాగమంటారనుకున్నాను గానీ, మునగమంటారనుకోలేదు."

అగ్గిపుల్ల చేతిలోని మేజోడు కింద పడింది.

"కానీ బాబూ, ఒక మాట. చిన్నప్పుడు కాలవలో పడి చచ్చి బతికాను. ఇప్పటికీ చెంబుతోనే స్నానం. రెండుసార్ల దాకా ఓర్చుకుంటాను. మూడోసారి అంటే మాత్రం తడిబట్టలతోనే ఇంటికి పోతాను. ముంచేది నువ్వే. వేరేవాళ్ళయితే వద్దు."

రెండుసార్లు అనడానికి కారణం ఉంది. మా పద్ధతిలో మనిషి నిలువునా మునగాలి. వేలి కొన గానీ, జుట్టు గానీ, కట్టుకున్న బట్ట అంచు గానీ నీటిపైన మిగిలితే అది చెల్లదు, మళ్ళీ చేయాల్సిందే. అది చూడటానికి గట్టు మీద ఇద్దరు సాక్షులు నిలబడతారు.

అగ్గిపుల్ల ఇల్లు విడిచి పదహారు నెలలైంది. ఇంతవరకు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఇప్పుడు దొరికినాయన తనకు రెండింతల బరువు, పైగా వంగని కాలు.

మంగళవారం గదిలోనే సాధన మొదలైంది. నిచ్చెనను బాబాయి అనుకుని, నడుం కింద చెయ్యి వేసి వెనక్కి వాల్చాడు. నిచ్చెన చెట్టు కూలినట్టు కూలాడు. కింది ఇంటావిడ చీపురుకర్రతో తన పైకప్పును పొడిచి, "ఏం కొడుతున్నారు నాయనా?" అని అరిచింది. "బాప్తిస్మం అండీ!" అని నిచ్చెన నేల మీదనుంచే జవాబిచ్చాడు. కాసేపటికి ఆవిడ పాత పరుపు ఒకటి పైకి పంపించింది.

బుధవారం అధ్యక్షుడు, చేతులకు గ్రీజు మరకలతోనే, అగ్గిపుల్లను పక్కకు పిలిచాడు.

"నిన్ను తక్కువ చేయడం కాదు నాయనా. నిచ్చెన చేస్తే ఒక్కసారిలో అయిపోతుంది. ఆయన బెదిరి వెళ్ళిపోతే మళ్ళీ రాడు. పిన్ని మొహం ఎలా చూస్తాం?"

"నాకూ అదే భయమండీ," అన్నాడు అగ్గిపుల్ల. "బాబాయి సరేనంటే తప్పుకుంటాను."

సాయంత్రం బాబాయిని అడిగారు. ఆయన పిండి పిసకడం ఆపలేదు. "అగ్గిపుల్లను బస్తా మోయమంటే బోర్లా పడ్డాడు. లేచి మళ్ళీ మోశాడు. నిచ్చెన బస్తాతో ఎప్పుడూ పడలేదు. పడిన వాడికే నా సంగతి తెలుస్తుంది," అన్నాడు. అంతటితో ఆ మాట ముగిసింది.

గురువారం ఇంకో చిక్కు. సంఘం బీరువాలో ఉన్న తెల్లబట్టల్లో ఏదీ బాబాయికి పట్టలేదు. బేకరీ పక్కన బట్టలు కుట్టే అత్త ఈ సంగతి విని, రెండు కొత్త దుప్పట్లు కత్తిరించి, ఒక్క రోజులో పొడుగు చొక్కా, పైజమా కుట్టేసింది. "కూలి ఎంత అత్తా?" అంటే, "శనివారం నన్నూ చూడనివ్వండి, అదే కూలి," అంది. శుక్రవారమంతా అగ్గిపుల్ల ఉపవాసం ఉన్నాడు.

శనివారం వచ్చింది. ప్రార్థనాలయం వెనక గదిలో, మడత తలుపుల అవతల, నీలం పలకలు పరిచిన తొట్టి. మెట్లు దిగి అందులోకి వెళ్ళాలి. అధ్యక్షుడు ఒకవైపు సాక్షిగా నిలిచాడు. ఇంకోవైపు ఎవరు ఉండాలని అడిగితే బాబాయే చెప్పాడు, "మా ఆవిణ్ణే ఉండనివ్వండి" అని.

బాబాయి, అగ్గిపుల్ల తెల్లబట్టల్లో నీళ్ళలోకి దిగారు. అగ్గిపుల్ల కుడిచెయ్యి పైకెత్తి, బాబాయి పూర్తి పేరు పలికి, ప్రార్థన ఒక్క మాట తప్పకుండా చెప్పి ఆయనను వెనక్కి వాల్చాడు. నీళ్ళు ఎగిసిపడ్డాయి. లేపాడు. అధ్యక్షుడు తల ఊపాడు, సరేనని.

పిన్ని తల అడ్డంగా ఊపింది.

"ఎడమ పాదం బొటనవేలు," అంది. "పైకి వచ్చింది."

అటువైపు నుంచి అధ్యక్షుడికి కనబడలేదు. ఆమె ఒక్కతే చూసింది. ఊరుకుని ఉంటే అయిపోయేది. పదకొండేళ్ళు ఎదురుచూసిన మనిషి ఆ మాట చెప్పింది.

బాబాయి మొహం తుడుచుకుని నవ్వాడు. "పెళ్ళయినప్పటి నుంచీ నా తప్పొక్కటీ దాచలేదు. ఇప్పుడు దాస్తుందా!"

రెండోసారి పాదం మునిగింది. కానీ అత్త వదులుగా కుట్టిన చొక్కాలో గాలి నిండి, అంచు బుడగలా తేలింది. పిన్ని కళ్ళు మూసుకుని మళ్ళీ తల అడ్డంగా ఊపింది.

బాబాయి మెట్ల వైపు తిరిగాడు.

"అయ్యో, తప్పు నాదే!" అంటూ అత్త వెనక వరసలోంచి పరుగున వచ్చింది. జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసి, ఆయన మెట్టు మీద కూర్చోగానే, తడి చొక్కా అంచును పైజమాకు కుట్టడం మొదలుపెట్టింది. "వెళ్ళిపోయేవాడివి ఎలాగూ వెళ్తావు, కుట్టించుకుని వెళ్ళు తమ్ముడూ!"

కుట్టు సాగినంతసేపు బాబాయి నీళ్ళలో నిలబడ్డ అగ్గిపుల్లనే చూశాడు.

"అగ్గిపుల్లా, నిజం చెప్పనా? నేను కిందికి పోయేసరికి నీ చెయ్యి తేలికైపోతోంది. నువ్వు పైన ఆగిపోతున్నావు, నేనొక్కణ్ణే పోతున్నాను. అప్పుడు కాలు దానంతటదే తన్నుకుంటోంది."

అగ్గిపుల్ల తన పొడి జుట్టు తడుముకున్నాడు. ఆ మాట నిజమే. కళ్ళద్దాలు తడవకుండా, తల తడవకుండా తాను ఒడ్డున ఉన్నవాడిలాగే ఉన్నాడు.

"ఈసారి మీతో పాటు నేనూ వస్తాను బాబాయ్," అన్నాడు. "ఎంత కిందికైనా."

బాబాయి పిన్ని వైపు చూశాడు. ఆమె రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆయన దారం తెంపించుకుని నీళ్ళలోకి దిగాడు.

మళ్ళీ చెయ్యి పైకి లేచింది. మళ్ళీ పూర్తి పేరు, మళ్ళీ ఆ ప్రార్థన. బాబాయి వెనక్కి వాలాడు. ఆయన వీపు కింద చెయ్యి వదలకుండా అగ్గిపుల్ల కూడా వంగాడు, మోకాళ్ళు మడిచాడు, తలతో సహా మాయమయ్యాడు. ఒక్క క్షణం తొట్టిలో మనుషులే లేరు. నీలం పలకల మీద నీళ్ళు మాత్రం ఊగుతున్నాయి.

ఇద్దరూ ఒక్కసారే లేచారు. అధ్యక్షుడు తల ఊపాడు. అందరి కళ్ళూ పిన్ని మీదికి వెళ్ళాయి.

ఆమె నిలువునా తల ఊపింది. ఒకసారి కాదు, ఊపుతూనే ఉంది.

గదంతా ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. నిచ్చెన చప్పట్లు కొట్టబోయి, ఇది ప్రార్థనాలయమని గుర్తొచ్చి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. అగ్గిపుల్ల మాత్రం గుడ్డివాడిలా తడుముకుంటున్నాడు. కళ్ళద్దాలు నీళ్ళలో పడిపోయాయి.

"ఉండు," అన్నాడు బాబాయి. ముక్కు పట్టుకున్నాడు. చెంబు స్నానం తప్ప ఎరగని ఆ మనిషి, ఎవరూ అడగకుండా, తనంతట తానే తల నీళ్ళలో ముంచాడు. లేచి ఊపిరి పీల్చి మళ్ళీ ముంచాడు. రెండోసారి కళ్ళద్దాలతో పైకి వచ్చి వాటిని కుర్రవాడి ముక్కు మీద పెట్టాడు, వంకరగా. పిన్ని తువ్వాలు పట్టుకుని మెట్ల మీదికే వచ్చేసింది, చీర తడుస్తున్నా చూసుకోలేదు.

ఆదివారం ఆరాధనలో బాబాయి తల మీద చేతులుంచి ప్రార్థించి, ఆయనను సభ్యుడిగా స్థిరపరిచారు. పిన్ని తన చేతిసంచిని ఒళ్ళో పెట్టుకుంది. ఆరాధన ముగిశాక కుట్టుపని అత్త అగ్గిపుల్ల దగ్గరికి వచ్చి, నలుగురికీ వినబడకుండా, తనకూ ఆ నీళ్ళలో దిగాలని ఉందనీ, చాన్నాళ్ళుగా ఉందనీ, కానీ గుండె దడ అనీ చెప్పింది.

అగ్గిపుల్ల నేరుగా బాబాయి దగ్గరికి వెళ్ళాడు.

"బాబాయ్, ఒక సాయం చేసిపెట్టాలి."

"బస్తాలు మోయాలా?"

"కాదు. అత్త బాప్తిస్మానికి సాక్షిగా గట్టు మీద మీరు నిలబడాలి. అడుగు అటూ ఇటూ కదలకుండా చూడాలి. చీర చెంగు తేలినా, వెంట్రుక తేలినా, నా మొహం చూసి జాలిపడకూడదు. పిన్నిలాగా తల అడ్డంగా ఊపాలి. ఊపుతారా?"