నా గిటార్ తగ్గించిన రోజు

పన్నెండేళ్లు రాక్ బ్యాండ్‌లో గిటార్ వాయించి, చివరికి జహీరాబాద్‌లో మా మేడ మీది గదిలో రికార్డింగ్ స్టూడియో పెట్టుకున్నాను. మొదటి పని న్యాల్‌కల్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన శివమ్మది. జొన్నలు విత్తేటప్పుడు పాడే పాటను ఆమె ఒకే టేక్‌లో పాడి వెళ్లిపోయింది. దానికి నేను నాలుగు రోజులు కూర్చుని గిటార్ కలిపాను.

వినడానికి ఆమెతో పాటు ఊరి ఆడవాళ్లూ వచ్చారు. పెద్ద స్పీకర్లలో పాట మోగించి, మెచ్చుకుంటారని గర్వంగా చూశాను.

శివమ్మ మెల్లగా అడిగింది. "మంచిగున్నది బిడ్డా. గని ఈ పాటల నేనేడున్న?"

అందరూ గొల్లున నవ్వారు. "నీ గొంతు కొంచెం పెంచుతానమ్మా" అని గొణిగాను.

"నా గొంతు ఎంత పెంచుతవ్? ఎడ్ల ముంగట నువ్వు గంతులేస్తుంటే విత్తుడెట్ల సాగుతది?"

వాళ్ల ముందే నా గిటార్‌ను కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోయాను. "ఆఁ, గట్ల!" అని ఆమె అనేసరికి అది దాదాపు వినిపించడమే లేదు. పాట ముగిశాక మోగే ఒక్క తీగ మాత్రం ఉంచమంది.

ఇన్నేళ్లలో నేను వాయించినదాంట్లో, "అది ఎవరు వాయించిన్రు?" అని జనం అడిగింది ఆ ఒక్క తీగ గురించే.