ఆంధ్ర రాష్ట్రం సభకు తాంబూలంతో వెళ్ళివచ్చాను

చెల్లి నరసమ్మకు దీవెనలు. లక్కబొమ్మల పనిలో పొగకి మరిదికి పట్టిన దగ్గు తగ్గిందా? మీ అత్తగారు కర్ర లేకుండా నడుస్తున్నారా? చంటిదానికి పళ్ళు వస్తున్నాయన్నావు, జ్వరం గానీ తగలలేదు కదా? నీళ్ళు కాచి పట్టు. ఇక్కడ నా గుండెదడ తప్ప అందరం బాగున్నాం. ఆంధ్ర రాష్ట్రం విడిగా కావాలని అనకాపల్లిలో జరిగే సభలకి మీ ఏటికొప్పాక ఆడవాళ్ళూ వెళ్దామనుకుంటున్నారని రాశావు. నేను వెళ్ళివచ్చాను కనుక దారి సంగతులన్నీ రాస్తున్నాను. అందరికీ చదివి వినిపించు.

నేను వెళ్ళింది ఉపన్యాసాల కోసం కాదు, మా అమ్మాయి పార్వతి కోసం. మాఘమాసంలో దానికి ఏడో నెల పడుతుంది. మద్రాసులో అత్తవారింటికి వెళ్ళి పురిటికి నేనే తీసుకురావాలి. ఈలోగా రాష్ట్రం విడగొట్టేస్తే? యుద్ధం రోజుల్లో బియ్యం బస్తానే పక్క జిల్లాకి పోనివ్వలేదు, కడుపుతో ఉన్న పిల్లని పొలిమేర దాటనిస్తారా? ఈ బెంగతో నాకు ముద్ద దిగలేదు.

తమ్ముడు సూరిని తోడు తీసుకుని రోలుగుంటలో పొద్దున్న ఏడింటికి బొగ్గు బస్సెక్కాను. మనిషికి పన్నెండణాలు. చోడవరంలో బస్సు ఆపి, వెనకాల పొయ్యిలో బొగ్గు పోసుకుని బయలుదేరేసరికి ముప్పావుగంట పట్టింది. అక్కడే డ్రైవరు నా ఒళ్ళోని మూట చూశాడు.

"మామ్మా, ఏటది? అంత పదిలంగా ఎట్టుకున్నావు?"

"తాంబూలం బాబూ. పంపకాలకి ఎల్తన్నాను."

"ఎవుల పంపకాలు?"

"మనోళ్ళవీ అరవోళ్ళవీ," అన్నాడు సూరి. "మా అప్ప లేకపోతే తేలదంట."

బస్సంతా ఒకటే నవ్వు. నవ్వితే నవ్వారు. మన ఇళ్ళలో అన్నదమ్ములు వేరుపడే రోజున ఆడపడుచు పెద్దమనుషుల ముందు తాంబూలం పెట్టి, తన రాకపోకల మాట తేల్చమని అడుగుతుంది కదా. వాళ్ళు ఆకు అందుకుంటే మాట ఇచ్చినట్టే. ఇదీ పంపకమే కనుక నేనూ అలాగే అడగాలనుకున్నాను.

పదకొండింటికి అనకాపల్లిలో దిగాం. బెల్లం మార్కెట్టు దగ్గర ఒకావిడ పూటకూళ్ళింట్లో పప్పూ వంకాయ కూరా తిన్నాం. సభ నాలుగింటికి, మార్కెట్టు వెనక మైదానంలో. ఆడవాళ్ళకి ముందు వరుసలో చాపలు వేశారు. ఒక వకీలుగారు గంటసేపు మాట్లాడి కూర్చున్నారు. సూరి నా కొంగు పట్టుకుని లాగుతున్నా వినకుండా లేచి వెళ్ళి, ఆయన ముందు తాంబూలం పెట్టాను.

"బాబూ, మీరూ మీరూ ఏరుపడండి, నాను కాదన్ను. మా పిల్ల కడుపుతో మద్రాసులో ఉంది. దాని రాకపోకలు కాయితంలో రాయించండి."

జనం గొల్లుమన్నారు. వకీలుగారు నవ్వలేదు. "రైలు అలాగే నడుస్తుందమ్మా. టిక్కెట్టు తప్ప ఇంకే కాగితమూ అడగరు," అన్నారు.

"మరి మాఘమాసం లోపల ఇడగొట్టేత్తారా?"

ఆయన అప్పుడు నవ్వారు. "మీ మనవడు బడికి వెళ్ళే వేళకైనా రాష్ట్రం వస్తే మా అదృష్టం." ఆకూ వక్కా తీసుకుని అక్కడే నోట్లో వేసుకున్నారు.

తిరుగు బస్సులో చాలా రోజులకి కునుకు పట్టింది. రాష్ట్రం ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదట. రానీ, మన తెలుగువాళ్ళది మనకి దక్కితే మంచిదే. అయినా రైల్లో కుదుపులకి పార్వతికి ఏమవుతుందోనని ఇప్పుడు కొత్త బెంగ మొదలైంది, అది వేరే సంగతి. మీవాళ్ళు బొగ్గు బస్సు ఎక్కితే మాత్రం ముందు బల్లల మీదే కూర్చోమను. వెనక కూర్చుంటే చీర మసిబారిపోతుంది, నా చీర మసి ఇంకా వదల్లేదు.

మాఘ శుద్ధ దశమి నాటికి మీ ఇంటికి వస్తాను. ఆ రాత్రి నీ దగ్గర పడుకుని, ఏకాదశి నాడు మద్రాసు రైలెక్కుతాను.