ధనశేఖర్ గారు అడిగిన రంగు

2024 జూన్ 10, సోమవారం, ఉదయం 7 గంటల 20 నిమిషాలు. పలమనేరులోని పాలకేంద్రపు ప్రయోగశాలలో నేను ఉద్యోగంలో చేరాను. ప్రధాన రసాయనవేత్త ధనశేఖర్ గారు నా పేరు అడగలేదు. గాజుకుప్పె పైకెత్తి, "ఇదేం రంగు, సెప్పమ్మా?" అన్నారు. ఎదుటివారిని రంగు అడగనిదే ఆయన ఏ పనీ చేయరు.

"తెలుపు, సార్."

"అయితే పాలే," అని ఆయన ఊపిరి పీల్చుకున్నారు.

పాలలో పులుపును కొలిచే పరీక్షకు రంగే ఆధారం. క్షారాన్ని చుక్కచుక్కగా వేస్తూ పోతే, ఒక చుక్క దగ్గర లేత గులాబీ వచ్చి నిలుస్తుంది. అక్కడ ఆపి లెక్క కట్టాలి. ఫలితం 0.15 శాతం దాటితే ట్యాంకరు వెనక్కి పోతుంది.

ఎమ్మెస్సీలో నాకు వచ్చిన మంచి మార్కులు పేపరు దిద్దినవారి పొరపాటని నా దృఢవిశ్వాసం. ఈ ఉద్యోగం, ఆ పొరపాటును నమ్మినవారి పొరపాటు. పెద్దవారెవరైనా 'సరే' అంటే తప్ప నా కళ్లను నేను నమ్మను. అలాంటి నాకు దొరికిన పెద్దాయన నన్నే అడుగుతున్నారు.

క్యాంటీనులో వడ్డించే ఆనందమ్మనూ అడిగేవారు: "ఈ చట్నీ ఏం రంగు?"

"మీరు తినేది చట్నీనా, రంగునా సామీ?"

ఒకరోజు చిత్తూరులో సిగ్నల్ దగ్గర స్కూటరు ఆపి, వెనక కూర్చున్న నన్ను, "ఎరుపా, పచ్చా?" అన్నారు. ఆపిన తరువాత అడిగారన్న విషయాన్ని నేను గమనించి ఉండవలసింది. ఈయనకు రంగులు తెలియవని నిర్ధారించుకున్నాను. తెలియనివారు ప్రధాన రసాయనవేత్త ఎలా అయ్యారో మాత్రం అంతుపట్టలేదు.

ఇక్కడ నాకు 'సరే' అనేవారే లేరని, రెండవ వారానికి, శనివారం ఉద్యోగం మానేసి మా ఊరు వడమాలపేటకు వెళ్లిపోవాలని నిశ్చయించుకున్నాను. గురువారం ఒక ట్యాంకరు వచ్చింది. రెండుసార్లు పరీక్షించాను. రెండుసార్లూ 0.19.

"గులాబీయేనంటారా, సార్?"

"అది నేను నిన్నడగల్ల గదమ్మా."

డ్రైవరు మునిచంద్ర అడ్డుపడ్డాడు. "మొన్న వచ్చిన బిడ్డ మాటకు బండి తిప్పల్లనా? మీరొకతూరి సూడండి సామీ."

"ఆయమ్మ సూసింది గదప్పా. ఏం లోహితమ్మా, తిప్పల్లనా, వద్దా?"

ఇద్దరూ నా వైపే చూశారు. అడగడానికి మరెవరూ లేరు.

"తిప్పాలి," అన్నాను.

మునిచంద్ర నమ్మక, గిన్నెలో పాలు కాయించమన్నాడు. విరిగిపోయాయి. "టీకి గూడా పనికిరావు," అని గొణుక్కుంటూ బండెక్కాడు.

శనివారం నేను ఊరికి పోలేదు. ఆదివారం సంతలో ధనశేఖర్ గారు టమాటాల కుప్ప ముందు, వాటిని అమ్మే కుప్పమ్మతో తగువులో ఉన్నారు. "పైన పండ్లు పెట్టి కింద దోరవి దాసినావే. ఇది యాడ ఎరుపు? నారింజ గదా."

నేను దగ్గరికి వెళ్లాను. "సార్, మీకు రంగులు కనబడవని..."

"ఎవురు సెప్పినారు?"

"రోజూ అడుగుతారు కదా."

"అడిగినాను. కనబడవన్నానా?"

"మరి గురువారం ఆ కుప్పె?"

"నీ భుజం మీదినుంచి సూసినా. మంచి గులాబీ." ఆయన ఒక దోరకాయను పక్కన పెట్టారు. "నేను సేరినప్పుడు మా పెద్దాయన అన్నీ ఆయనే సూసి సెప్పేవాడు. ఆయన రిటైరైనాక ఆర్నెల్లు నాకు తెలుపు మీద గూడా అనుమానమే."

"సిగ్నల్ దగ్గర ఎందుకడిగారు మరి?"

"అది అలవాటైపోయిండాది."

మరునాడు ప్రయోగశాలలో నేను చివరి చుక్క వేసి కుప్పె ఎత్తాను.

"ఏం రంగమ్మా?"

"లేత గులాబీ."

"నేను గూడా సూడల్లనా?"

"అక్కరలేదు, సార్."

ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. నేను ఫలితం రాశాను.

0.14.